చావు పాటాయన

మొన్న ధనుర్మాసంలో ఇందుకూరుపేట దగ్గర మా అక్కావాళ్ళ ఊళ్ళో ఉన్నాను. తెల్లారి ఐదున్నర అవుతోంది. రామాలయం మైకులో తిరుప్పావై ఇంకా మొదలవలేదు, అంతలో పడమటి వీధి వైపు నుంచి భగవద్గీత వినపడింది, ఘంటసాల గొంతు. రెండో శ్లోకానికి అర్థం చెప్పడం పూర్తి కాకముందే మా అక్క వంటింట్లోంచి చేతులు తుడుచుకుంటూ బయటికొచ్చి "ఎవరు పోయినట్టబ్బా?" అంది. ఎదురింటామె అప్పటికే గేటు దగ్గర నిలబడి ఉంది. ఇద్దరూ ఊళ్ళో మంచాన పడ్డవాళ్ళ పేర్లు వరసగా అనుకుంటూ పోయి మూడో పేరు దగ్గర ఆగారు. అదే నిజమైంది.

తొమ్మిదేళ్ళ మా మేనల్లుడు దుప్పట్లోంచి తల బయటపెట్టి "చావు పాట వేశారు మామా" అన్నాడు. చావు పాట కాదురా, భగవద్గీత అన్నాను. "అదే, చావు పాట." పాడిందెవరో తెలుసా అని అడిగితే కాసేపు ఆలోచించి "చావు పాటాయన" అని మళ్ళీ దుప్పటి కప్పుకున్నాడు.

ఘంటసాల వెంకటేశ్వరరావు 1922లో పుట్టారు, 1974 ఫిబ్రవరి 11న పోయారు. మధ్యలో పాతికేళ్ళ పాటు తెలుగు సినిమాలో హీరో నోరు తెరిస్తే చాలావరకు ఆయన గొంతే వచ్చేది. వెన్నెల పాటలు, విరహాలు, తాగి పాడే పాటలు, పద్యాలు, అన్నీ ఆయనే. ఆ గీత రికార్డు బయటికి వచ్చింది ఆయన పోయాక. అంటే ఒక చావింటి ముందు అది మోగడం ఆయన ఒక్కసారి కూడా విని ఉండరు. మా వాడి దగ్గర మాత్రం ఆయనకు మిగిలింది ఆ ఒక్క రికార్డే, దాని మీద పేరు కూడా చెరిగిపోయింది.

మొదట కష్టంగానే అనిపించింది. తర్వాత కాఫీ తాగుతూ ఆలోచిస్తే ఇంకోలా తోచింది. పోయి 50 ఏళ్ళు దాటిన మనిషి ఇవాళ తెల్లారి ఐదున్నరకు ఒక ఊరు మొత్తాన్ని లేపాడు, ఇద్దరు ఆడవాళ్ళ చేత మంచాన పడ్డవాళ్ళ లెక్క వేయించాడు, ఎవరో ఫోన్ చేసి చెప్పకముందే కబురు చెప్పాడు. ఇప్పుడు కోట్ల వ్యూస్ ఉన్న ఏ పాట చేస్తుంది ఈ పని?

పేరు రావడం, పేరు నిలవడం అనేవి ఒకే దారిలో వెనకా ముందూ వచ్చే రెండు ఊళ్ళని మనం అనుకుంటాం. బాగా పేరొస్తే అదే నిలుస్తుందిలే అని. ఎంత చూసినా నాకు అవి రెండు వేర్వేరు యంత్రాల్లాగే కనపడుతున్నాయి. ఒకటి జనంతో నడుస్తుంది, ఒకేసారి, ఒకే చోట, ఎంతమంది చూశారన్నది దాని లెక్క. రెండోదానికి జనం పెద్దగా అక్కర్లేదు, ఆ పాటకో ముఖానికో మన రోజుల్లో ఒక పని దొరకాలి, అంతే. పని దొరికిన పాట పాడినవాడి పేరు పోయినా బతుకుతుంది. దొరకనిది ఎంత గొప్పదైనా పుస్తకాల్లో ఉంటుంది, వర్ధంతి రోజు పేపర్లో ఒక మూలన ఉంటుంది.

ముందు మొదటి యంత్రం సంగతి, త్వరగా చెప్పేస్తాను, అది అందరికీ తెలిసిందే. 1956లో డొనాల్డ్ హోర్టన్, రిచర్డ్ వోల్ అని ఇద్దరు అమెరికన్లు టీవీ చూసేవాళ్ళ మీద ఒక వ్యాసం రాశారు. తెర మీది మనిషి మనకేసి చూసి మాట్లాడుతుంటే, చూసేవాడికి అతనితో నిజంగానే పరిచయం ఉన్నట్టు ఉంటుంది, అవతలి మనిషికి మాత్రం వీడెవడో తెలీదు. దాన్ని వాళ్ళు పారాసోషల్ అన్నారు. మన దగ్గర దానికి కొత్త పేరు అక్కర్లేదు, "మావాడు" అంటాం. నెల్లూరులో ఏ టీ కొట్టు దగ్గరైనా గాయకుడు ఎస్.పి.బాలసుబ్రహ్మణ్యం, అదే బాలు, పేరెత్తండి, "మావాడే" అనేవాడు ఒకడు కచ్చితంగా ఉంటాడు.

ఇప్పుడు ఫోన్ వచ్చాక ఆ పరిచయం ఇరవైనాలుగు గంటలూ నడుస్తోంది, హీరో పొద్దున ఏం తిన్నాడో కూడా మనకు తెలుసు. కానీ అది ఊళ్ళో ఎలా దిగుతుందో చూడాలంటే ఫ్లెక్సీ చూడాలి. పుట్టినరోజు ఫ్లెక్సీలో హీరో ముఖం నడిమధ్య పెద్దగా ఉంటుంది, కింద రెండు వరసల్లో ఇరవై మంది కుర్రాళ్ళు, నల్ల కళ్ళజోళ్ళతో, కొందరికి పేరు పక్కన ఇంటిపేరు బదులు హీరో పేరు. హీరో వచ్చి చూస్తాడని ఎవరూ కట్టరు దాన్ని. ఆ ఇరవై ముఖాలు సెంటర్లో నాలుగు రోజులు కనపడాలి, అదీ అసలు సంగతి. పేరున్నవాడి నీడలో వీళ్ళకూ ఊళ్ళో కాస్త పేరు. ఇందులో తప్పేముందో నాకు కనపడదు. పండగయ్యాక ఆ ఫ్లెక్సీ ఏదో ఒక గొడ్ల పాక మీదికి ఎక్కుతుంది, వానకు అడ్డంగా. కొడవలూరు దారిలో ఒక పాక మీద ఒక పెద్ద హీరో కన్ను ఒక్కటే కనపడేలా మడత వేసి తాళ్ళతో కట్టి ఉంది, దాని కింద బర్రె నెమరేస్తోంది. రెండేళ్ళ నుంచి చూస్తున్నాను. ఆ పుట్టినరోజుకు వేసిన ఫ్లెక్సీల్లో ఇంకా మిగిలింది బహుశా అదొక్కటే.

పేరుకు అంకెలు కూడా కావాలి. బాలు 40,000 పాటలు పాడారని మనమందరం ఊపిరి తీసుకున్నంత తేలిగ్గా చెప్పేస్తాం. ఒకసారి కాగితం మీద వేసి చూడండి. మొదటి పాట రికార్డింగు 1966 చివర్లో, ఆయన పోయింది 2020 సెప్టెంబర్ 25న. దాదాపు 54 ఏళ్ళు, రోజుల్లో చెప్పాలంటే పంతొమ్మిది వేల ఆరొందలకు కొంచెం పైన. అంటే పండగలు, జ్వరాలు, విదేశీ టూర్లు, ఏవీ చూడకుండా రోజుకు రెండు పాటలు. ఒక్కరోజులో 21 పాటలు రికార్డు చేసిన సందర్భం కూడా చెబుతారు, 1981 ఫిబ్రవరిలో, కన్నడ సంగీత దర్శకుడు ఉపేంద్రకుమార్ కోసం, కాబట్టి మరీ అసాధ్యమేమీ కాదు. అయితే పక్కన సుశీలమ్మ లెక్క పెట్టి చూడండి. 2016లో గిన్నిస్ వాళ్ళు ఆమె పేర రాసుకున్నది 17,695 పాటలు. ఒక్కో పాటా లెక్కపెట్టి తేల్చిన అంకె అలా ఉంటుంది, చివర్లో ఐదుతో. నాలుగు సున్నాలతో గుండ్రంగా ఉన్న అంకె అభిమానంతో వచ్చింది. నేను బాలును తక్కువ చేయడం లేదు. ఆ అంకె మోతకు పనికొచ్చింది, అంతే అంటున్నాను, నలభై వేలలో మనం మళ్ళీ మళ్ళీ వినేవి రెండొందలుంటాయా?

ఇక రెండో యంత్రం. దీన్ని నేను కోవూరులో ఒక మైక్ సెట్ కొట్టులో చూశాను. రేకుల షెడ్డు, గోడకు నాలుగు హారన్లు వేలాడుతున్నాయి, మూలన ఒకదాని మీద ఒకటి పేర్చిన బాక్సులు, బల్ల మీద ఆంప్లిఫయరు. యజమానికి అరవై దాటాయి, గ్రామఫోను రికార్డులు, క్యాసెట్లు, సీడీలు అన్నీ చూసినవాడు. ఇప్పుడు ఆయన వ్యాపారమంతా ఒక ఎర్ర పెన్‌డ్రైవ్‌లో ఉంది, ఎక్కడ పెట్టానో అని వెతుక్కోకుండా దానికి మొలతాడు ముక్క కట్టి ఉంచాడు. ల్యాప్‌టాప్‌లో పెట్టి చూపించాడు. ఫోల్డర్లు ఇలా ఉన్నాయి: చావు, పెళ్ళి, సీమంతం, శివుడు, అయ్యప్ప, అమ్మోరు, పొద్దున, వినాయకుడు, బర్త్‌డే, డీజే, పార్టీలు. గాయకుల పేరుతో ఒక్కటీ కనపడలేదు.

"మరి ఎవరు పాడింది ఏదో ఎట్లా తెలుస్తుందన్నా?" అన్నాను.

"ఎవురు పాడితే నాకేందబ్బాయా, ఎప్పుడెయ్యాల్నో తెలిస్తే చాలదా?"

యూనివర్సిటీలో దీని మీద పుస్తకాలున్నాయి, నేను కొన్ని చదివాను కూడా, కానీ ఇంత సూటిగా ఎవరూ చెప్పలేదు నాకు. ఆ ఫోల్డర్లే మన సాంస్కృతిక జ్ఞాపకం. "పొద్దున" ఫోల్డర్లో ఎం.ఎస్.సుబ్బులక్ష్మి పాడిన వెంకటేశ్వర సుప్రభాతం ఉంది, 1963 నాటి రికార్డు. ఆమె పేరు తెలియని ఇళ్ళలో కూడా ఆ గొంతు వినపడితే పాలవాడు వచ్చే వేళయిందని తెలుసు. "అయ్యప్ప"లో జేసుదాసు పాడిన హరివరాసనం. మాల వేసుకున్న మనిషికి అది పాట కిందే లెక్క కాదు, ఆ రోజు పూజ అయిందని చెప్పే గుర్తు. "శివుడు"లో బాలు లింగాష్టకం, కార్తీకమాసం నెల్లాళ్ళూ పెన్నా గట్టు మీది గుళ్ళలో అదే. "చావు"లో ఘంటసాల ఒక్కడే, ఇంకెవరికీ చోటు లేదు. వైకుంఠరథం నడిపేవాళ్ళ దగ్గరా అదే రికార్డు. గీత అంటే బతికినవాడికి చెప్పింది కదా, చచ్చినవాడి దగ్గర వేస్తారేంటి అని మా నాన్నలాంటి వాళ్ళు గొణుగుతూనే ఉంటారు. ఆయన రోజూ ఇంట్లో పెట్టుకుని వినేవాడు, పక్కింటివాళ్ళు ఒకటి రెండుసార్లు కంగారుపడి తలుపు కూడా కొట్టారు. గొణిగి ఏం లాభం, ఆ పాటకు ఊరు ఒక ఉద్యోగం ఇచ్చేసింది, ఇక రిటైర్‌మెంట్ లేదు.

గమనించండి, ఈ ఉద్యోగం ఇచ్చేటప్పుడు ఎవరూ పోటీ పెట్టలేదు, ఏది గొప్ప అని చర్చించలేదు. చాలావరకు సమయం కుదరడమే. తమిళం వాళ్ళను చూడండి, మన సూళ్ళూరుపేట దాటితే వాళ్ళే కదా. 1982లో కమల్‌హాసన్ సినిమా ఒకదానికి ఇళయరాజా చేసిన పాట, మొదట్లోనే "హ్యాపీ న్యూ ఇయర్" అని అరుపు, పాడింది బాలు. ఆయన తమిళంలో అంతకంటే వందరెట్లు బాగా పాడినవి ఉన్నాయి. కానీ డిసెంబర్ 31 రాత్రి పన్నెండింటికి తమిళనాడంతా మోగేది అదే, నలభై ఏళ్ళుగా. క్యాలెండర్లో తేదీ దొరికిన పాటకు ఇక దిగుల్లేదు.

పని దొరకకపోతే ఏమవుతుందో చూడాలంటే ఒంగోలు వైపు వెళ్దాం. ఒంగోలుకు దగ్గర్లోనే దొడ్డవరం. భానుమతీ రామకృష్ణ పుట్టిన ఊరు, 1925 సెప్టెంబర్ 7. ఇప్పుడు "మల్టీటాలెంటెడ్" అని ప్రతి యాంకర్‌కూ వాడేస్తున్నారు కానీ ఆ మాటకు అసలు హక్కుదారు ఆమె. 1939లో పదమూడు పద్నాలుగేళ్ళ వయసులో తెర మీదికొచ్చింది. తన పాటలు తనే పాడుకుంది. భర్తతో కలిసి భరణీ సంస్థ పెట్టి సినిమాలు తీసింది, స్టూడియో నడిపింది. 1953లో ఒకే కథను తెలుగు, తమిళం, హిందీ మూడింట్లో తనే దర్శకత్వం చేసింది. హాస్య కథలు రాసి ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ అవార్డు తెచ్చుకుంది. మద్రాసు సంగీత కళాశాలకు ప్రిన్సిపాల్‌గా చేసింది. పద్మశ్రీ, పద్మభూషణ్. సెట్లో ఆమె వస్తుంటే ఎంత పెద్ద హీరో అయినా కుర్చీలోంచి లేచేవాడని చెప్పుకునే కథలకు లెక్కలేదు.

మరి మా మేనల్లుడిని వదిలేయండి, వాళ్ళ అమ్మను అడిగాను. "ఆ, తెలుసు, గయ్యాళి అత్తగా వేస్తది కదా, భలే మాట్లాడతది" అంది. ఒంగోలు కుర్రాళ్ళు ఇద్దరిని, డిగ్రీ చదివేవాళ్ళను అడిగితే ఒకడు పాత హీరోయిన్ అన్నాడు, రెండోవాడు ఫోన్ తీశాడు. మైక్ సెట్ ఆయన పెన్‌డ్రైవ్‌లో ఆమె పాట ఒక్కటీ లేదు. ఎందుకుంటుంది? ఆమె పాటల్లో గొప్పవన్నీ కూర్చుని వినాల్సినవి, పెళ్ళికీ పనికిరావు, గుడికీ పనికిరావు. అంతకంటే పెద్ద కారణం ఇంకొకటి ఉందని నాకు అనుమానం. ఒక మనిషి ఏడు పనులు బాగా చేస్తే జనానికి పట్టుకోవడానికి పిడి దొరకదు. జ్ఞాపకానికి ఒక్క పిడి చాలు, అదీ చిన్నదైతే ఇంకా మంచిది.

వాణిశ్రీని చూడండి, ఆమె పుట్టింది నెల్లూరులోనే. ఆమె సినిమాల పేర్లు చెప్పలేనివాళ్ళు కూడా "వాణిశ్రీ కొప్పు" అంటారు. మా పెద్దమ్మ ఇప్పటికీ ఎవరైనా కొప్పు కాస్త ఎత్తుగా పెట్టుకుంటే అదే మాట. రాజనాలది కావలి. జానపద సినిమాల్లో కత్తి పట్టుకుని ఆయన నవ్విన నవ్వు ఎలా నిలిచిందంటే, మా ఊళ్ళో ఎవడైనా అతిగా నవ్వితే "ఏందిరా ఆ రాజనాల నవ్వు?" అనేవాళ్ళు. చివరి రోజుల్లో డబ్బుకు, ఆరోగ్యానికి బాగా కష్టపడ్డాడు ఆయన, 1998లో పోయాడు. నవ్వు మాత్రం ఆయనకు ఒక రూపాయి ఇవ్వకుండా పని చేస్తూనే ఉంది. కొప్పు, నవ్వు, చావు, కొత్త సంవత్సరం. పిడి అంటే ఇలాంటిదే.

యాన్ అస్‌మన్ అని ఒక జర్మన్ పండితుడు ఉండేవాడు, ప్రాచీన ఈజిప్టు మీద పని చేసినవాడు. ఆయన జ్ఞాపకాన్ని రెండుగా విడదీశాడు. ఒకటి నోటి మాటగా నడిచేది. నేను చూశాను, మా తాత చూశాడు అని చెప్పుకునేది. దాని ఆయుష్షు మహా అంటే మూడు తరాలు, 80 నుంచి 100 ఏళ్ళు. ఆ తర్వాత అది బతకాలంటే పండగలో, గుళ్ళో, విగ్రహాలో, పాఠ్యపుస్తకాలో ఎత్తుకోవాలి. భానుమతి పుట్టి 2025కు వందేళ్ళు. లెక్క సరిగ్గా సరిపోయింది. ఆమెను తెర మీద హీరోయిన్‌గా చూసిన తరం ఇప్పుడు వెళ్ళిపోతోంది.

అయితే అస్‌మన్ చెప్పిన రెండో రకం, అంటే పేర్లు, బోర్డులు, విగ్రహాల రకం అనుకున్నంత గట్టిదేమీ కాదని మన రెండు జిల్లాలే రుజువు. 1970లో నెల్లూరు, గుంటూరు, కర్నూలు జిల్లాల నుంచి ముక్కలు తీసి ఒంగోలు జిల్లా చేశారు, 1972లో దానికి టంగుటూరి ప్రకాశం పంతులు పేరు పెట్టారు. రెండేళ్ళ పిల్ల జిల్లా, పాత పేరు ఎవరి నోటా ఇంకా కుదురుకోలేదు. "మాది ప్రకాశం జిల్లా" అని ఇవాళ ప్రతివాడూ అంటాడు. 2008లో నెల్లూరు జిల్లాకు పొట్టి శ్రీరాములు పేరు పెట్టారు. 58 రోజులు అన్నం మాని 1952 డిసెంబర్ 15న ప్రాణం వదిలిన మనిషి, ఆ చావు మీదే 1953లో ఆంధ్ర రాష్ట్రం వచ్చింది, అంతకంటే అర్హత ఎవరికుంటుంది? కానీ నోటితో ఆ పూర్తి పేరు అన్నవాడిని నేను ఆఫీసు బయట ఎక్కడా చూడలేదు. "యాడ?" అంటే "నెల్లూరు". నెల్లూరు అన్న మాట వందల ఏళ్ళ నుంచి నోట్లో కూర్చుని ఉంది, అది లేవదు. ఖాళీ కుర్చీ ఉంటే పేరు కూర్చుంటుంది, ఇంతకుముందే ఒకరు ఉంటే బోర్డు మీద నిలబడి ఉంటుంది. త్యాగం కొలతతో దీనికి సంబంధం లేదు, అది చెప్పడం నాకు ఇష్టం లేకపోయినా.

బాలు విషయంలోనూ ఇవన్నీ జరిగాయి. ఆయన పోయిన 2020లోనే నెల్లూరు ప్రభుత్వ సంగీత, నృత్య పాఠశాలకు ఆయన పేరు పెట్టారు. చెన్నైలో ఆయన ఉన్న వీధికి ఆయన పేరు పెడుతున్నట్టు 2024లో తమిళనాడు ప్రభుత్వం ప్రకటించింది. అంతకంటే ముందు, పోవడానికి ఏడు నెలల ముందు, 2020 ఫిబ్రవరిలో, నెల్లూరు తిప్పరాజువారి వీధిలోని తమ సొంత ఇంటిని ఆయనే కంచి పీఠానికి వేద పాఠశాల కోసం ఇచ్చేశారు. ఇంకొకరైతే ఆ ఇంటిని మ్యూజియం చేసి, గోడల నిండా అవార్డులు, కళ్ళజోడు, మైకు అద్దాల పెట్టెలో పెట్టేవాళ్ళు. ఆయన దాన్ని ఒక పనికి ఇచ్చారు. హరికథకుడైన తండ్రి సాంబమూర్తి గారి పేరుతో పిల్లలు అక్కడ చదువుకుంటే చాలనుకున్నట్టున్నారు.

నన్ను అడిగితే జ్ఞాపకం విషయంలో ఆయన చేసిన అసలు పని టీవీలో ఉంది. 1996 నుంచి ఆయన పాటల పోటీ నడిపారు, "పాడుతా తీయగా". ప్రతి పాటకూ ముందో వెనకో రాసిందెవరు, స్వరం కట్టిందెవరు, మొదట పాడిందెవరు, ఆ రికార్డింగులో ఏం జరిగింది, అన్నీ చెప్పేవారు. ఒక్కోసారి పాట కంటే అదే ఎక్కువసేపు. మా ఇంట్లో విసుక్కునేవాళ్ళు కూడా, పాడనివ్వండి సామీ అని. ఇప్పుడు అర్థమవుతోంది. ఊడిపోయిన పేర్లను మళ్ళీ పాటలకు కుట్టుకుంటూ పోయాడు ఆయన, ఎక్కువగా వేరేవాళ్ళ పేర్లు. నా తరానికి పాత సంగీత దర్శకులు పెండ్యాల ఎవరో, టి.వి.రాజు ఎవరో తెలుసంటే అది ఆయన చలవే.

ఇక్కడి నుంచి విషయం కాస్త చిక్కుపడుతుంది, ఎందుకంటే పనిచేస్తున్న పాటకు జీతం ఎవరు తీసుకోవాలన్న గొడవ ఉంది. మన కాపీరైట్ చట్టం 1957 నాటిది. రికార్డింగు మీద హక్కు 60 ఏళ్ళు. రాసినవాళ్ళకు, స్వరం కట్టినవాళ్ళకు బతికినంతకాలం, పోయాక మరో 60 ఏళ్ళు. చాలాకాలం ఈ రెండో హక్కు కాగితం మీదే ఉండేది, నిర్మాత ఒక్క సంతకంతో మొత్తం తీసేసుకునేవాడు. 2012లో సవరణ తెచ్చి, పాట హాల్లో సినిమాతో పాటు కాకుండా ఇంకెక్కడ మోగినా రచయితకు, సంగీత దర్శకుడికి వాటా రావాలని, దాన్ని వాళ్ళు రాసిచ్చేసినా చెల్లదని తేల్చారు. గాయకులకూ ప్రదర్శన హక్కు ఉంది, 50 ఏళ్ళు. 2017లో బాలు అమెరికాలో కచేరీలు చేస్తుంటే, తన పాటలు అనుమతి లేకుండా పాడుతున్నారని ఇళయరాజా తరఫున నోటీసు వచ్చింది. అప్పుడు ఫేస్‌బుక్ నిండా "స్నేహం విడిపోయింది" అని ఏడుపులు. ఇద్దరూ తర్వాత కలిశారు, అది వేరు. నాకు ఆ నోటీసులో కనపడింది ఏంటంటే, జనం "బాలు పాట" అనేదాంట్లో కనీసం నలుగురు ఉంటారు, పాడినవాడు, కట్టినవాడు, రాసినవాడు, డబ్బు పెట్టినవాడు, పేరు మాత్రం గొంతుకే వస్తుంది. నలుగురిలో ఒకరు అది నాది అనగానే మనకు కోపం వచ్చింది.

ఇప్పుడు ఆ గొంతు కూడా మనిషి నుంచి ఊడిపోయింది. 2023లో వచ్చిన ఒక తెలుగు సినిమాలో బాలు గొంతును ఏఐతో పుట్టించి వాడారు, కుటుంబాన్ని అడగలేదు. కొడుకు చరణ్ నోటీసు పంపారు, 2024 మొదట్లో అది బయటికొచ్చింది. సరిగ్గా అదే రోజుల్లో ఎ.ఆర్.రహమాన్ ఒక తమిళ పాటలో పోయిన ఇద్దరు గాయకుల గొంతులు, బంబా బాక్యా, షాహుల్ హమీద్‌లవి, ఏఐతోనే పెట్టారు, కుటుంబాలను అడిగి, డబ్బు ఇచ్చి. ఒకటే పనిముట్టు, ఒకచోట దొంగతనంలా, ఇంకోచోట నివాళిలా కనపడింది. చట్టం ఇందులో ఇంకా తడబడుతోంది. బతికున్నవాళ్ళకు కోర్టులు అండగా ఉన్నాయి. తన గొంతును ఏఐతో వాడుకుంటున్నారని అరిజిత్ సింగ్ వెళ్తే 2024లో బాంబే హైకోర్టు ఆపమంది. పోయినవాళ్ళ సంగతికి వస్తే 2023లో ఢిల్లీ హైకోర్టు సుశాంత్ సింగ్ రాజ్‌పుత్ కేసులో చెప్పింది వేరు, అలాంటి హక్కులు మనిషితోనే పోతాయి, వారసులకు రావు అని. అంటే ఇల్లు కొడుక్కి వస్తుంది, గొంతు రాదు. వింటే వింతగా ఉంటుంది కానీ ఆ కొట్టులో కూర్చుని ఆలోచిస్తే జనం ఎప్పటి నుంచో అలాగే ఉన్నారు కదా, ఘంటసాల గొంతు ఎవరిదో మా వాడికి తెలీదు, అది ఊరిది. తేడా ఏంటంటే ఊరు పాత రికార్డునే మళ్ళీ వేస్తోంది. ఏఐ ఆయన పాడని మాట ఆయన నోట్లో పెడుతుంది. నాకు అక్కడే గుచ్చుకుంటోంది. బాలు ఒక పాట ఒప్పుకోకపోవచ్చు, ఈ మాట నేను పలకను అనొచ్చు. ఆ "అనొచ్చు" పోయాక మిగిలేది గొంతేనా?

రీల్స్ గురించి ఎక్కువ చెప్పను. ముప్పై సెకన్ల ముక్క, పాడినవాడి పేరు చూసేవాళ్ళు తక్కువ, నెల తర్వాత ఆ ముక్క కూడా ఉండదు. రీరిలీజుల పిచ్చి మాత్రం నాకు సరదాగానే ఉంది. 2022 ఆగస్టులో మహేశ్‌బాబు పుట్టినరోజుకు పదహారేళ్ళ పాత సినిమా మళ్ళీ వేసినప్పటి నుంచి వరస పెట్టి నడుస్తోంది. డైలాగు హీరో కంటే ముందు హాలే చెప్పేస్తుంది, కాగితాలు ఎగురుతాయి, కొన్నిచోట్ల సీట్లు కూడా. అక్కడ ఎవరూ సినిమా చూడటానికి రారు, ఇంటర్ చదివే రోజుల్లో తాము ఎలా ఉన్నారో చూసుకోవడానికి వస్తారు. ఆ ఇంటర్ బ్యాచ్‌కు పిల్లల పెళ్ళిళ్ళు అయ్యేదాకా ఆ సినిమాకు పని ఉంటుంది.

మళ్ళీ కోవూరు కొట్టుకు వస్తాను. లేచే ముందు అడిగాను, "అయితే బాలు పేరుతో ఒక్క ఫోల్డరు కూడా లేదా అన్నా, మన నెల్లూరాయన కదా?"

"ఉండాది," అని కిందికి జరిపి చూపించాడు. ఫోల్డరు పేరు "సెప్టెంబర్ 25". ఎవరో ఆటో స్టాండు వాళ్ళు ఫోటోకు దండ వేసి, సాయంత్రం దాకా పాటలు పెట్టమన్నారట, అప్పుడు చేసింది. అందులో అరవై పాటలున్నాయి, వాటిలో సగం "పెళ్ళి"లోనూ ఉన్నాయి, కొన్ని "బర్త్‌డే"లో, మూడు "శివుడు"లో. అవే పాటలు రెండేసి చోట్ల. "అది సంవత్సరానికి ఒక్కరోజే తెరుస్తా, ఇయ్యి మాత్రం రోజూ తెరవాల్సిందే" అన్నాడు, పెళ్ళి ఫోల్డరు మీద వేలు పెట్టి.

అంతలో ఫోన్ వచ్చింది. "ఎప్పుడు?... యాడ, గుడి ఎనకాలేనా?... సరే, అరగంటలో వస్తా." పెన్‌డ్రైవ్ లాగి చొక్కా జేబులో వేసుకున్నాడు, గోడకున్న హారన్లలో రెండు దించి బండికి తాడుతో కట్టాడు. కొట్టు కాస్త చూస్తుండు అబ్బాయా, పిల్లోడు అన్నానికి పొయినాడు, ఇప్పుడొస్తాడు అని కిక్కు కొట్టాడు. పోయింది ఎవరని నేను అడగలేదు, పాట వినపడితే తెలుస్తుందిలే అనుకుని బల్ల మీద కూర్చున్నాను.